గుంటల కంపెనీలో మాట అందించేదాన్ని

అత్త పోయిన నెల తర్వాత ఆమె ఇనప్పెట్టె తెరిచాను. తెరవమని తొందరపెట్టిన వాళ్ళెవరూ లేరు. తొందరపెట్టడానికి ఇంట్లో నేను తప్ప మనిషి లేదు. ఆవిడ మా నాన్నకి అక్క. పేరు సత్యవతి, అరకులో అందరికీ సత్తెమ్మ. నా నాలుగో ఏట మా అమ్మ పోతే, అప్పటికే పుట్టింటికి తిరిగొచ్చేసిన అత్త నన్ను చంకనేసుకుంది. చివరి ముప్పై ఏళ్ళూ విశాఖపట్నంలో ఈ మూడో అంతస్తు ఇంట్లో మేమిద్దరమే. ఎవరు ఎవరిని చూసుకున్నామో చెప్పలేను. ఇప్పుడు పొద్దున్న లేచి రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్ళీ అల్మరాలో పెట్టేస్తున్నాను. ఇంట్లో చప్పుడు ఉండాలని టీవీ పెడుతున్నాను, ఏ వార్తలో కూడా వినకుండా. ఒంటరితనం గురించి కథల్లో చాలా రాశాను కానీ అది ఇంత విసుగ్గా, ఇంత చిన్న చిన్న పనుల్లో ఉంటుందని నాకు తెలియదు.

చివరి రెండేళ్ళూ అత్తకి మాటలు జారిపోయేవి. “ఆ... అదే, అది ఇలాగియ్యి,” అని చెయ్యి చాపేది. నేను వెంటనే “గ్లాసా? కళ్ళజోడా? దుప్పటా?” అని వరసగా అందించేసేదాన్ని. ఆవిడకి ఒళ్ళు మండేది. “ఉండవే గుంటా, నన్ను సెప్పనీ. నోట్లో మాట నోట్లోనే లాగేసుకుంటావేటి?” అనేది. అరవై ఏళ్ళ దగ్గరకొచ్చినా నేను ఆవిడకి గుంటనే, అంటే చిన్నపిల్లనే. అది నా జబ్బని నాకూ తెలుసు. ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగితే నేను తట్టుకోలేను. నా కథల్లో మనుషులు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతారని ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. కోపం వచ్చింది కానీ ఆమె అన్నది నిజమే.

పెట్టె మూత తియ్యగానే పిప్పళ్ళ ఘాటు. చీరలకి పురుగు పట్టకుండా అత్త పిప్పళ్ళు మూటకట్టి పెట్టేది. మందులకొట్లో తెల్ల ఉండలు దొరుకుతాయని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అడుగున, నేత చీర మడతల్లో, పొడుగాటి నోట్‌బుక్కు ఒకటి కనిపించింది. అట్ట ఒక మూల కాలి నల్లగా ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఆ మూల కాల్చింది నేనే. నలభై ఏళ్ళ కిందట అరకులో మా ఇంటి కుంపట్లో నేను పారేసిన పుస్తకం అది. అక్షరమ్ముక్క రాని మా అత్త దాన్ని బయటికి లాగి, ఆర్పి, ఇన్నేళ్ళూ నాకు చెప్పకుండా దాచింది.

అరకులో మాది సంత దారిలో కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో గోనె పరదా. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా కిరసనాయిలు, బెల్లం, ఎండుచేపల వాసన కలిసిపోయి వచ్చేది. మేం కింద నుంచి, అంటే మైదానం నుంచి ఎక్కి వచ్చినవాళ్ళం. కొండవాళ్ళకి మేం కిందోళ్ళం, సాలూరు వైపు మా చుట్టాలకి మేం అడివోళ్ళం. పొద్దున్నే అత్త కుంపటి రాజేసి, రెండు అరచేతులూ కాచుకుని, ఆ వేడి చేతులు నా చెవులకి ఆనించేది. అలా లేపేది నన్ను. వానాకాలంలో బట్టలు ఆరేవి కావు. నా కాలేజీ ఓణీలన్నీ కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టేది, అందుకని నేను ఎప్పుడూ పొగ వాసన కొట్టేదాన్ని. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని కొండవాళ్ళతో వాళ్ళ మాటలోనే బేరమాడేవాడు. ఒరియాకి దగ్గరగా ఉండే మాట అది. ఆయనకి వచ్చింది అమ్మకానికి సరిపోయినంతే. ఎంత, ఇయ్యి, చాలు, రేపు రా. నేను నేర్చుకున్నదీ అంతే. అక్కడే పుట్టి పెరిగిన మనిషికి అక్కడి భాషలో నాలుగు మాటలు వచ్చాయి. అప్పట్లో అది వింతగా అనిపించలేదు.

మా ఆడపిల్లల కాలేజీ ఊరి చివర, రైలుదారి వేసినప్పుడు సామాన్లకని కట్టిన రేకుల షెడ్లలో నడిచేది. అందులో పెద్ద షెడ్డు మా నాటక సంఘానిది. సంఘానికి ఏదో బరువైన సంస్కృతం పేరు పెట్టుకున్నాం, ఇప్పుడు నాకే నోరు తిరగదు. ఊళ్ళో జనం మాత్రం “గుంటల కంపెనీ” అన్నారు. మొదట ఏడిచాం, తర్వాత మేమూ అదే అన్నాం. మేడమ్‌లు ఎవరూ లోపలికి రాకూడదని మా నియమం. నాటకం మేమే రాసుకునేవాళ్ళం, మీసాలు మేమే కొండచీపురు పీచుతో కట్టుకునేవాళ్ళం. శుక్రవారం సంత అయ్యాక, ఊళ్ళకి తిరిగి నడిచే జనం ఆగి చూసేలా మధ్యాహ్నమే ఆట వేసేవాళ్ళం. కిటికీలకి తలుపులు లేవు. మంచు లోపలికొచ్చేస్తే వేదిక కనపడేది కాదు, జనం మాటలు విని ఊరుకునేవారు. రేకుల మీద వాన పడితే మాటలూ వినపడేవి కావు. అప్పుడు వేషాలేసిన పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ చెయ్యెత్తి ఉంటే చెయ్యెత్తినట్టే నిలబడిపోయేవారు. వాన తగ్గేదాకా జనం కూడా ఓపిగ్గా కూర్చునేవారు. అంత ఓపికగల ప్రేక్షకుల్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నేను కంపెనీలో చేరతానంటే నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. “సదువుకోమని పంపితే ఏసాలేటి?” అన్నాడు. రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు అత్త తెరవెనక ఏదో రాయబారం నడిపింది. చివరికి నాన్న, “తెర ఎనకాల ఏం సేసుకుంటావో సేసుకో. ముందుకొచ్చావంటే కాలేజీ మానిపించేస్తాను,” అన్నాడు. అలా నేను మాట అందించేదాన్నయ్యాను. నాటకం మొత్తానికి ఒకే ఒక్క రాతప్రతి, అది నా చేతిలోని ఈ పొడుగు పుస్తకం. నేను ఒక్కో మాటా చదివితే పిల్లలు చెప్పుకుంటూ పట్టుకునేవారు. ఆట రోజున పక్క పరదా చాటున ముక్కాలిపీట మీద కూర్చుని, మరిచిపోయిన వాళ్ళకి మెల్లగా అందించాలి. నేను వేదికని చూడలేదు, వేదిక నన్ను చూడలేదు. జనం నవ్వు మాత్రం వినపడేది. ఎందుకు నవ్వారో ఆట అయ్యాక ఎవరో ఒకరు చెబితే అప్పుడు నవ్వుకునేదాన్ని, ఆలస్యంగా, ఒక్కదాన్నే.

కంపెనీ పెద్ద విమల. సీలేరు ప్రాజెక్టు కాలనీ పిల్ల, వాళ్ళ నాన్న పవర్‌హౌస్‌లో పనిచేసేవాడు. నాటకాలు రాసేదీ తనే, తిట్టేదీ తనే. నాకు తను పెట్టిన లెక్క ఒకటుంది. “ఎవరైనా ఆగిపోతే మూడు ఊపిర్లు పీల్చు. ఒకటి, రెండు, మూడు. అప్పుడే నోరిప్పు. అంతకు ముందే ఇప్పావంటే ఆ మనిషిని నువ్వు నమ్మనట్టు.” నేను రెండింటికే ఇప్పేసేదాన్ని. విమల వచ్చి నా నెత్తిన మొట్టేది.

ఎక్కువ మొట్టికాయలు సుక్రి వల్ల తిన్నాను. శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్రి. చాపరాయి దాటి పైకి వెళ్ళే దారిలో కొండ మీద పల్లె. ఆరో ఏట హాస్టల్లో వేశారు, అప్పటినుంచీ హాస్టళ్ళలోనే పెరిగింది. సన్నగా, పొట్టిగా ఉండేది కానీ వేదిక ఎక్కితే ఎంత పెద్ద మనిషైనా అయిపోయేది. మాట మధ్యలో ఆగడం దాని అలవాటు. ఆగినప్పుడు జనమంతా ముందుకి వంగేవారట, నాకు తర్వాత చెప్పారు. “ఓలే రమణా, నువ్వు బేగి సెప్పీకు. నాకు గుర్తుంటది,” అని బతిమాలేది. నాకు ఈ లోకంలో అదొక్కటే స్నేహితురాలు. దానికి మాత్రం నేను ఒక్కదాన్నే కాదని నాకు తెలుసు. అది కూడా కొంచెం బాధగానే ఉండేది. సెలవు రోజుల్లో మా ఇంటికొచ్చి కుంపటి దగ్గర కూర్చుంటే అత్త దానికి అల్లం టీ ఇచ్చేది. గ్లాసు మాత్రం వేరే గ్లాసు. సుక్రి ఆ గ్లాసు తనే కడిగి, తనే గూట్లో విడిగా పెట్టి వెళ్ళేది. నేను చూస్తూ ఊరుకునేదాన్ని.

ఆఖరి సంవత్సరం విమల రాసిన నాటకంలో సుక్రి తల్లి వేషం. కూతుర్ని హాస్టల్‌కి పంపే కొండ తల్లి. చివర, రోడ్డు పక్కన జీపు కోసం నిలబడి, తల్లి కూతురికి నాలుగు మాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటలతోనే నాటకం అయిపోతుంది. ఆ శుక్రవారం కింద నుంచి ఎవరో అధికారులు వచ్చి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ పొద్దున్నే విమలని పిలిచి, “శుభ్రమైన తెలుగు వినపడాలి. కొండ మాటలూ, ఎకసెక్కాలూ వస్తే షెడ్డుకి తాళం వేస్తాను,” అని చెప్పింది. విమల వచ్చి నాకు చెప్పింది. “పుస్తకం నీ చేతిలో ఉంది రమణా. చూసుకో.” కంపెనీ ఉండడం, ఊడడం నా గొంతులో ఉందని నాకు ఒకేసారి భయమూ గర్వమూ వేశాయి.

ఆట మొదలయ్యే ముందు సుక్రి పరదా చాటుకి వచ్చింది. బుగ్గలకి రంగు, కొండకట్టు చీర. “మాయమ్మ వచ్చిందే. సంతకి అల్లం దింపుకొచ్చింది. కుర్చీల ఎనకాల కింద కూకుంది,” అంది. కాలేజీకి ఆమె రావడం అదే మొదటిసారి. ఆమెకి తెలుగు ముక్క రాదు.

గంటన్నర ఆట సాఫీగా నడిచింది. చివరి ఘట్టం వచ్చింది. సుక్రి, కూతురి వేషం వేసిన చిన్నపిల్ల గడ్డం పట్టుకుని ఉంటుంది, నేను చూడలేదు. “బాగా చదువుకో తల్లీ, చదువే నీకు వెలుగు” అన్నది పుస్తకంలో మాట. సుక్రి ఆ మాట అనలేదు. ఒక ఊపిరి. రెండు. అప్పుడు అది వాళ్ళ భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు, ఇంట్లో మాట్లాడినట్టు. షెడ్డులో ఒక్క దగ్గు లేదు, చంటిపిల్లల ఏడుపు లేదు. సంత మూటలు పక్కన పెట్టుకున్న అంత మందీ ఒక్కసారి ఊపిరి బిగబట్టడం పరదా ఇవతల నాకు తెలిసింది. నేను పుస్తకంలో వేలు పెట్టుకుని ఆ లైను మీదే ఉన్నాను. అది చెబుతున్నది పుస్తకంలో లేదు. మెల్లగా అందించాను, “బాగా చదువుకో తల్లీ...” అది ఆగలేదు. మళ్ళీ అందించాను, ఇంకాస్త పైకి. మూడోసారి నేను అరిచాను. నా గొంతు రేకులకి తగిలి షెడ్డంతా వినపడింది. సుక్రి ఆగిపోయింది. తర్వాత నీళ్ళలా ఒప్పజెప్పింది, “బాగా చదువుకో తల్లీ, చదువే నీకు వెలుగు.” ముందు కుర్చీల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి.

తాళం పడుతుందన్న భయంతో చేశానని అప్పుడు అందరికీ చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. అక్కడున్న అంతమందికీ అర్థమవుతోంది, నాకు ఒక్కదానికే కావట్లేదు. ముందు కుర్చీల వాళ్ళకీ కాలేదేమో కానీ వాళ్ళు కొండ దిగిపోయేవాళ్ళు. నేను అక్కడిదాన్ని. మూడేళ్ళుగా ప్రతి మాటా నా నోటిలోంచి వాళ్ళ నోట్లోకి వెళ్ళింది. ఒక్క మాట నా చేతుల్లోంచి కాకుండా వెళ్ళిపోతుంటే నేను ఓర్చుకోలేకపోయాను. అది ఈర్ష్య. వేరే పేరు లేదు దానికి.

ఆట అయ్యాక గేటు దగ్గర సుక్రి వాళ్ళమ్మ నిలబడి ఉంది. కూతురి స్నేహితురాలినని ఎవరో చెప్పారు కాబోలు, కొంగులోంచి కాల్చిన చిలగడదుంప తీసి నా చేతిలో పెట్టి, నా బుగ్గ నిమిరింది. కూతురి మాట మింగేసిన గొంతు నాదని ఆమెకి తెలియదు. సుక్రి పక్కనే ఉంది. “నీ గొంతు బాగా ఇనిపించింది,” అంది. తిట్టినా బాగుండేది.

కంపెనీలో ఒక ఆచారం ఉండేది. చదువు అయిపోయి వెళ్ళేవాళ్ళు తమ వేషాన్ని ఒక చిన్న క్లాసు పిల్లకి దగ్గర కూర్చోబెట్టుకుని, మాట మాటా నేర్పి, చేతిలో చెయ్యి వేసి ఇచ్చి వెళ్ళాలి. పెళ్ళిలోలాగా దాన్ని అప్పగింతలు అనేవాళ్ళం, ఏడుపులతో సహా. సుక్రి తల్లి వేషం ఇంకో పిల్లకి అప్పగించింది. చివరి మాటగా ఏం నేర్పిందో నేను అడగలేదు. నా పుస్తకం తీసుకోవడానికి ఎవరూ రాలేదు. పరదా చాటున కూర్చోవాలని ఏ పిల్ల కోరుకుంటుంది? ఇంటికొచ్చి పుస్తకం కుంపట్లో పారేసి, గదిలోకి వెళ్ళి ముసుగుతన్ని పడుకున్నాను. సుక్రి మళ్ళీ మా ఇంటికి రాలేదు. గూట్లో దాని గ్లాసు చాలా కాలం విడిగా అలాగే ఉండిపోయింది. తర్వాత నాన్న కొట్టు ఎత్తేస్తే కిందకి దిగిపోయాం.

అందుకే ఈ పుస్తకం సంచిలో వేసుకుని మొన్న కిరండూల్ రైలెక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో టూరిస్టు పిల్లలు కేకలు పెడుతున్నారు, మేమూ పెట్టేవాళ్ళం. మా కొట్టున్న చోట ఇప్పుడు కాఫీ అమ్మే అద్దాల షాపు ఉంది. కాలేజీకి వెళ్ళాను. షెడ్లు లేవు. మంచి హాలు, మెత్తటి కుర్చీలు, అద్దాల కిటికీలు. మంచు బయటే ఆగిపోతుంది. నాటకాలు వేస్తారా అని ఒక పిల్లని అడిగితే, “స్కిట్‌లు వేస్తామండీ. డైలాగులు ముందే ఫోన్‌లో రికార్డు చేసేసుకుంటాం. స్టేజీ మీద పెదాలు కదిపితే సాలు, తప్పులు రావు,” అంది. చురుకైన పిల్ల. దాని తప్పేం లేదు, మాకూ అలాంటి ఫోను ఉంటే అదే చేసేవాళ్ళం. పుస్తకం సంచిలోంచి తీయకుండానే బయటికొచ్చాను. అప్పగింతకి నలభై ఏళ్ళు ఆలస్యమైతే ఎవరు మాత్రం తీసుకుంటారు?

ఆటో చేసుకుని కొండెక్కాను. సుక్రి వాళ్ళ పల్లెలోనే టీచరుగా చేసి రిటైరయిందని కాలేజీ గుమాస్తా చెప్పాడు. ఇంటి వెనక కాఫీ మొక్కలు, చెట్లకి పాకిన మిరియాల తీగలు. చాపమీద మిరియాలు ఆరబోస్తోంది. తలెత్తి చూసింది, గుర్తుపట్టడానికి ఎంతో సేపు పట్టలేదు. “ఏటే, దారి తప్పొచ్చావా?” అంది. వాళ్ళమ్మ పోయి పదేళ్ళయిందట. మా అత్త సంగతి చెప్పాను. “సత్తెమ్మత్త అల్లం టీ బాగుండేది,” అంది. గ్లాసు సంగతి తను ఎత్తలేదు. నేనే ఎత్తాను, తప్పయిందన్నాను. “నాకు తెలుసులేవే,” అని టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. నాకు ఇచ్చిన గ్లాసూ తను తెచ్చుకున్న గ్లాసూ ఒక్క రకమే.

పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. “బాగా చదువుకో తల్లీ, చదువే నీకు వెలుగు.” నవ్వింది. “సీ, ఏ తల్లి సెప్తాదే ఇలగ? జీపు హారన్ కొడతంటే?”

“ఆ రోజు నువ్వు చెప్పింది ఏంటి సుక్రీ?”

“నన్ను జీపెక్కించినప్పుడు మాయమ్మ సెప్పింది. అక్కడ కూకున్నాది కదా, నాకు గుర్తుందని దానికి తెలవాలనుకున్నాను. సగమే అయ్యింది.”

“మిగతాది తర్వాత ఆవిడకి చెప్పావా?”

“ఇంట్లో ఎలగ సెప్తాను? ఏసం ఉంటేనే కదా నోరొస్తది.”

పుస్తకం అందుకుని, మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. “ఇప్పుడు చెప్పు, మొత్తం,” అన్నాను.

“నీకు అర్తం అవదే.”

“కాకపోయినా చెప్పు.”

సుక్రి కళ్ళజోడు తీసేసింది. కొండ కిందికి, రోడ్డు వైపు చూస్తూ మొదలుపెట్టింది. అదే గొంతు, కొంచెం బొంగురుపోయింది. నాకు తెలిసిన నాలుగు మాటల్లో ఒక్కటి దొరికింది, రేపు రా. మా నాన్న కొట్లో ఆ మాట జనాన్ని పొమ్మనడానికి వాడేవాడు. మధ్యలో సుక్రి ఆగిపోయింది. ఒక ఊపిరి. రెండు. మూడు. నాలుగు కూడా అయింది. నా ఒళ్ళో పుస్తకం మూసే ఉంది. అందించడానికి నా దగ్గర ఏమీ లేదు. రెండు చేతులూ దాని మీద గట్టిగా అదిమిపెట్టి కూర్చున్నాను. సుక్రి కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్ళీ అందుకుని, చివరిదాకా చెప్పింది.

“అర్తమైందా?” అని అడిగింది.

“లేదు,” అన్నాను.

“మాయమ్మా ఆ రోజు గంటన్నర ఇలగే కూకున్నాది,” అంది సుక్రి.